ముందు పిస్టన్, ఆ తర్వాతే క్యామ్

మిత్రులారా, పాత షెవర్లే 350 (350 ఘనపు అంగుళాల వీ8) ఇంజన్ విప్పినవారు ముందుగా అడిగేది ఒకటే: "ఏ క్యామ్ వెయ్యమంటారు?" వాల్వులు తెరిచి మూసే ఆ ఇరుసు సంగతి, నన్నడిగితే, రెండో ప్రశ్న. పిస్టన్ ఎంత పైకి వచ్చి ఆగుతోంది అన్నది మొదటిది.

ఈ ఇంజన్ 1967లో కమారో కారుతో వచ్చింది. బోరు (సిలిండర్ వ్యాసం) 4 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.48. దశాబ్దాల తరబడి కార్లకూ ట్రక్కులకూ వేశారు కాబట్టి అమెరికాలో విడిభాగాలకు కొదవ లేదు, ధరా తక్కువే. మెలిక ఆ చవకలోనే ఉంది. రాడ్డుకు కలిపే పిన్ను మధ్య నుంచి నెత్తి వరకు కంపెనీ పిస్టన్ ఎత్తు 1.56 అంగుళాలు. చవక కిట్లలో చాలావాటికి 1.54 మాత్రమే. బ్లాకు పైభాగం చెక్కించినా సరిపోవాలని అలా పొట్టిగా చేస్తారు. చెక్కించకుండా బిగిస్తే పిస్టన్ బ్లాకు అంచుకు సుమారు 0.045 అంగుళాల కిందే ఆగిపోతుంది. పాత పిస్టన్ తీయకముందే డయల్ గేజి పెట్టి, క్రాంకు నెమ్మదిగా తిప్పి, ముల్లు వెనక్కి మళ్లే చోట అంకె రాసుకోండి. పది నిమిషాల పని, ఎవరూ చేయరు.

ఆ కాస్త తేడాకే ఇంత గొడవా అంటారా? లెక్క చూడండి. సిలిండర్లను 0.030 అంగుళాలు వెడల్పు చేయించి, పొట్టి పిస్టన్లు, మామూలు గ్యాస్కెట్, డెబ్బైల నాటి 76 సీసీ గది ఉన్న హెడ్లు (సిలిండర్ల పై మూతలు) వేస్తే కంప్రెషన్ (మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందనే నిష్పత్తి) 8.3 దగ్గర ఆగుతుంది. 1.56 పిస్టన్లతో 64 సీసీ హెడ్లు వేస్తే 9.7 వస్తుంది. పెరిగినదాంట్లో పెద్ద వాటా హెడ్లదే. కానీ పిస్టన్ పైకి వస్తే ఇంకో లాభం ఉంది: హెడ్డుకూ పిస్టన్‌కూ మధ్య సందు తగ్గి నాకింగ్ (మిశ్రమం వేళకాని వేళ పేలడం) అదుపులో ఉంటుంది. ఆ సందు 0.040 దగ్గర ఉంటే మంచిది. పొట్టి పిస్టన్‌తో అది రెట్టింపు అవుతుంది. 9.7 కంప్రెషన్‌కు ఇనుప హెడ్లతో ప్రీమియం పెట్రోలు పోయాల్సి రావచ్చు, అదీ ఖర్చులో వేసుకోండి.

ఇప్పుడు క్యామ్. డ్యురేషన్ (వాల్వు తెరిచి ఉండే కాలం, క్రాంకు తిరిగే డిగ్రీల్లో) పెరిగేకొద్దీ ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. తక్కువ వేగంలో, పీల్చుకున్న మిశ్రమంలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. 8.3 కంప్రెషన్ ఇంజన్‌కు 0.050 అంగుళాల లిఫ్టు (ఎత్తు) దగ్గర కొలిస్తే 235 డిగ్రీలుండే క్యామ్ వేశారనుకోండి, అది రెంటికీ చెడ్డ రేవడి. సిగ్నల్ దగ్గర ఈడ్చుకుంటుంది, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పడిపోయి పెడల్ రాయిలా అవుతుంది. ఐడ్లింగులో వచ్చే గుడగుడ మాత్రం వీధంతా వినిపిస్తుంది! దానికోసమే డబ్బు పోసేవారూ ఉన్నారు, వారితో నాకు పేచీ లేదు. ఆటోమేటిక్ గేరుబాక్సుతో రోజూ తిరిగే బండికి మాత్రం 210 నుంచి 218 డిగ్రీలు, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల శిఖరాల మధ్య కోణం) 112 చాలు. 1996 నుంచి వచ్చిన వోర్టెక్ రకం హెడ్లయితే వాల్వు లిఫ్టు 0.450 దాటనివ్వకండి. దాటితే రిటైనర్ (వాల్వు స్ప్రింగును పట్టి ఉంచే బిళ్ల) కింద వాల్వు గైడు సీలును కొడుతుంది.

పిస్టన్ లోహం గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. టర్బో, నైట్రస్ లేకపోతే ఫోర్జ్‌డ్ (ఒత్తి చేసిన) పిస్టన్లు అనవసరం. సిలికాన్ ఎక్కువ కలిపిన హైపర్‌యుటెక్టిక్ రకం చాలు. పిస్టన్ రింగు చివరల మధ్య గ్యాపు మాత్రం తయారీదారు కాగితంలో ఉన్నంతే ఉంచండి, పాత అలవాటుతో బిగువుగా వదిలితే రింగు చివరలు ఒరుసుకుని పిస్టన్ నెత్తి పగులుతుంది.

ఫ్లాట్ టాపెట్ క్యామ్ కొంటే లిఫ్టర్లూ (క్యామ్ మీద ఆనుకుని వాల్వును నెట్టే దిమ్మెలు) కొత్తవే కొనాలి. జింకు ఉన్న ఆయిల్ పోసి, స్టార్టయిన వెంటనే 2,000 ఆర్‌పీఎం పైకి తీసుకెళ్లి, ఇరవై నిమిషాలైనా ఐడ్లింగుకు దించకుండా నడపాలి. 1987 నుంచి కార్లలో వచ్చిన చాలా బ్లాకుల్లో రోలర్ క్యామే (లిఫ్టర్ల అడుగున చక్రాలుండే రకం) ఉంటుంది. అలాంటిది దొరికితే ఈ బెడద లేదు. పాత రోలర్ లిఫ్టర్లు బాగుంటే శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు, మిగిలిన డబ్బు హెడ్ల మీద పెట్టండి.