జాబితా చివరి పేరు

గౌరవనీయులైన విచారణ (పారిష్) గురువులకు, మఠకన్యలకు, ఉపదేశి సోదరులకు, పూజ ముగిశాక కూడా ఈ ఉక్కలో ఓపికగా కూర్చున్న తల్లులకు, తండ్రులకు, యువతకు నా నమస్కారాలు.

ఈ రోజు 2025 ఆగస్టు 10. సరిగ్గా 75 ఏళ్ళ కిందట, 1950లో ఇదే తేదీన షెడ్యూల్డు కులాలకు సంబంధించిన రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. హిందూ మతం కాక వేరొక మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులస్థుడిగా పరిగణించరాదని అందులోని మూడవ పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులమైన మనకూ ముస్లిం సోదరులకూ నేటికీ తెరవలేదు. అందుకే ఈ ఉదయం మనం నల్ల బ్యాడ్జీలతో దివ్యబలిపూజలో పాల్గొన్నాం.

సంకట సమయాల్లో కతోలిక విశ్వాసం, సామాజిక న్యాయం అనే అంశంపై మాట్లాడమని ఫాదరు గారు ఆదేశించారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి కనుక అలవాటు కొద్దీ నోట్సు రాసుకొచ్చాను. 1891లో పోపు పదమూడవ లియో కార్మికుల బతుకులపై రాసిన విశ్వలేఖతో మొదలుపెట్టాలని అనుకున్నాను. కూలివాడు ఒప్పుకున్నాడు కదా అని యజమాని ఎంత తక్కువ కూలి ఇచ్చినా అది ధర్మం కాదని, పొదుపుగా బతికే మనిషికి కడుపు నిండేంత కూలి ఇవ్వడం ఇరువురి ఒప్పందానికీ మించిన న్యాయమని ఆ లేఖ 134 ఏళ్ళ కిందటే చెప్పింది. మొన్న మే నెలలో ఎన్నికైన కొత్త పోపు గారు లియో అనే పేరు ఎంచుకోవడానికి ఆ లేఖే ముఖ్య కారణమని తానే కార్డినళ్ళకు వివరించారు. న్యాయం కోసం పనిచేయడం సువార్త ప్రకటనలో విడదీయరాని భాగమని 1971 నాటి బిషపుల సినడు, అంటే బిషపుల మహాసభ, ప్రకటించింది. ఇవన్నీ చదువుకోవలసినవే. అయితే నిన్న సాయంత్రం సమాధుల తోటకు వెళ్ళి వచ్చాక నా మనసు ఆ కాగితాల మీద నిలవడం లేదు. దివిసీమ ఉప్పెన సంగతి చెప్పకుండా నేను మరొకటి మాట్లాడలేను, క్షమించండి.

1977 నవంబరు 19, శనివారం. అప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా నాన్న ఉపదేశి. ఫాదరు గారు నెలకొకసారి వచ్చేవారు గనుక తక్కిన ఆదివారాల్లో జపాలు చెప్పించేది ఆయనే. ఆ రోజు గాలి ఏ వైపు నుంచి కొడుతోందో తెలియలేదు. చీకటి పడే వేళకు సముద్రం తాటిచెట్టంత ఎత్తున లేచి మా మీదకు వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళ గతి మీలో పెద్దవాళ్ళకు తెలుసు. పదివేల మంది పోయారని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంతకన్నా ఎక్కువేనని చూసినవాళ్ళు అంటారు. తుమ్మకంపలకు చిక్కుకున్న శవాలను మనుషులవీ పశువులవీ విడదీసి, మనుషులను పెద్ద గోతుల్లో పూడ్చారు. ఆ గోతుల దగ్గర ఎవరూ ఎవరి కులమూ అడగలేదు. అడగడానికి ముఖాలు ఆనవాలు పట్టే స్థితిలో లేవు.

అయిదారు రోజులకు బియ్యం, దుప్పట్ల లారీ ఒకటి మా దాకా వచ్చింది. దానితో పాటు ఫాదరు గారు బురదలో సైకిలు మోసుకుంటూ వచ్చారు. పంపకానికి ఊరి పెద్దలు రాయించిన జాబితా ఒకటి సిద్ధంగా ఉంది: మొదట ఊరు, తరువాత మా పల్లె, అట్టడుగున కాలవగట్టు మీది యానాదుల ఇళ్ళు. ఫాదరు గారు ఆ కాగితం ఆసాంతం చదివి మా నాన్న చేతికిచ్చి, "చివర రాసిన పేరు ముందు పిలువు" అన్నారు. మా నాన్న పిలవలేదు. "వాళ్ళు మన విశ్వాసులు కారు ఫాదర్, మనవాళ్ళ పిల్లలు మూడు రోజులుగా కొబ్బరిముక్కల మీద ఉన్నారు" అన్నాడు. నా తండ్రి చెడ్డవాడు కాడు. అప్పటికే నా చెల్లెలి శవం దొరికి రెండు రోజులు. ఫాదరు గారు ఆయనను కసరలేదు, వాక్యమూ చెప్పలేదు. ఆ పేరు మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డారు. చాలా సేపటికి మా నాన్న గొంతు పెగిలి ఆ పేరు పిలిచాడు. పిలిచినవాడు ముందుకు రాలేదు. తనను ముందు పిలుస్తారని అతనికి ఎన్నడూ అనుభవం లేదు. మా నాన్నే వెళ్ళి చేయి పట్టుకుని తీసుకొచ్చాడు.

లారీ రావడం దయ. ఆ దయకు మేము బతికాం, నేను దానిని తక్కువ చేయను. కాని కాగితాన్ని తిరగేయడం వేరే పని. సంకటం కులాన్ని తుడిచిపెడుతుందని మనం అనుకుంటాం. నిజానికి నీళ్ళు తీయగానే జాబితా రాసే చేయి పాత అలవాటు ప్రకారమే రాస్తుంది. కరోనా కాలంలో, 2020 మార్చిలో, ఎవరూ లేని వాటికన్ చౌకులో వానలో నిలబడి పోపు ఫ్రాన్సిస్ గారు మనమందరం ఒకే పడవలో ఉన్నామన్నారు. మన జాతీయ రహదారి మీద ఒడిశా వైపు నడిచిపోయిన కూలీలకు ఈ విచారణ యువకులే అన్నం పొట్లాలు అందించారు. వాళ్ళను చూసి నేను గర్వపడ్డాను. ఆ కూలీలకు నడిచి వెళ్ళడం తప్ప వేరే దారి ఎందుకు లేకపోయిందని మాత్రం ఆ తరువాత మనలో ఎవరమూ ఒక్క సమావేశమైనా పెట్టుకోలేదు, నాతో సహా.

ఇప్పుడు ఉత్తర్వు సంగతికి వస్తాను. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను బీసీ-సి కింద చేర్చి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. మూడవ పేరాను తొలగించాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. మన శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. 2004 నుంచి కేసు సుప్రీంకోర్టులో ఉంది. ఈలోగా మన పిల్లలు సర్టిఫికెట్టులో ఒక పేరు, జ్ఞానస్నానంలో ఒక పేరు పెట్టుకుని, ఆదివారం పూజకు వచ్చి, ఎవరైనా చూస్తారేమోనని వెనుక బల్ల మీద కూర్చుంటున్నారు. విశ్వాసాన్ని దాచుకుంటే హక్కు దక్కుతుంది, హక్కు అడిగితే విశ్వాసాన్ని వదలాలి. ఇది న్యాయమా అని ఢిల్లీని అడుగుతున్నాం. అడగాలి, గట్టిగా అడగాలి.

కాని మతం మారితే కులం పోయిందని వాదించేవారికి మనం చూపించే సాక్ష్యం ఏమిటి? అమ్మలారా, అయ్యలారా, నన్ను కోపగించుకోకండి. ఆ సాక్ష్యం మన సమాధుల తోటలోనే ఉంది. మోకాలెత్తు గోడ. అటువైపు ఎవరిని పెడతారో, ఇటువైపు ఎవరిని పెడతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా అమ్మ ఇటువైపు ఉంది. కులదురభిమానం నిజమైన మానవ సంఘీభావానికి విరుద్ధమైన గుర్తు అని 2003లో పోపు రెండవ జాన్ పాల్ గారు తమిళనాడు మేత్రాణులతో (బిషపులతో) స్పష్టంగా చెప్పారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి మంచి ఆసనమిచ్చి, మాసిన బట్టలవానిని పాదపీఠం దగ్గర కూర్చోమనే సంఘాన్ని యాకోబు గారు తన లేఖలో నిలదీశారు. దళిత బిడ్డ మారంపూడి జోజి గారు ఇదే విజయవాడ పీఠం నుంచి 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022లో మరో దళిత బిడ్డ పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. వారి చేతి ఉంగరాన్ని ముద్దాడడానికి మనమందరం వరుస కట్టాం. ఆ వరుసలో లేని గోడ మట్టిలో ఎందుకు?

ఢిల్లీ ఉత్తర్వు మన చేతిలో లేదు. ఈ గోడ మన చేతిలో ఉంది. దాన్ని కట్టించినవారిలో కొందరు ఈ రోజు దాని పక్కనే పడుకుని ఉన్నారు. నేను వారిని నిందించడానికి రాలేదు. సంతకాల పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది, రాష్ట్రపతి గారికి పంపే వినతిపత్రానికి అందరూ సంతకం చేయండి. వచ్చే ఆదివారం రెండో పూజ తరువాత విచారణ సంఘం సమావేశం ఉంది. అందులో పండుగ చందాల కంటే ముందు గోడ విషయాన్ని తీసుకోవాలని ఫాదరు గారిని అందరి ఎదుట చేతులు జోడించి వేడుకుంటున్నాను. నవంబరు 2న సమాధుల పండుగకు మనం కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి వెళ్తాం. గునపం నా దగ్గర ఉంది. ఒక్కణ్ణి చేస్తే తగాదా అవుతుంది, రెండు వైపుల నుంచీ నలుగురేసి వస్తే ఒక పూటలో అయిపోతుంది. పేరు ఇవ్వదలచినవారు ఇప్పుడే లేచి నిలబడండి.