చోటు లేదంటే... ఎక్కడ లేదు?

శ్రోతలకు నమస్కారం. పెళ్లిళ్ల సీజన్ ముగిసేసరికి ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ ఫోటోలతో కిక్కిరిసిపోతాయి. ఇక లాభం లేదని విజయవాడ బీసెంట్ రోడ్డుకో గవర్నరుపేటకో వెళ్లి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనుక్కొస్తాం. కాపీ పెట్టేసి భోజనానికి కూర్చుంటాం. లేచి చూస్తే తెర మీద 'డిస్క్‌లో చోటు లేదు' అన్న మెసేజ్. డిస్క్ చూస్తేనేమో సగానికి పైగా ఖాళీ!

అప్పుడు టెన్షన్‌లో చాలామంది చేసేది ఒకటే, లైబ్రరీలోంచి ఫోటోలు ఏరి ఏరి డిలీట్ చేయడం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఇది అచ్చం అదే. దాచుకోవాలనుకున్నవి మన చేత్తోనే పోగొట్టుకుంటాం. కాబట్టి ముందు చెయ్యి మౌస్ మీద నుంచి తీయండి. చోటు ఎక్కడ లేదో తేల్చుకుందాం. ఆ మెసేజ్ చాలాసార్లు ఆ ముక్క చెప్పదు.

కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు, అంటే ఫైళ్లకు రెండో కాపీ తీసిపెట్టేవి, ఫోటోలన్నిటినీ కలిపి ముందు ఒక పెద్ద ఫైలుగా కడతాయి. ఆ పని జరిగేది మామూలుగా మీ కంప్యూటర్‌లోని సి డ్రైవ్‌లో. కొత్త డిస్క్‌లో ఎంత ఖాళీ ఉన్నా, సి డ్రైవ్‌లో పది జీబీలే మిగిలి ఉంటే పని మధ్యలో ఆగిపోతుంది. 'దిస్ పీసీ' తెరిచి చూడండి. సి డ్రైవ్ పక్కన గీత ఎర్రగా ఉంటే దొంగ దొరికినట్టే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తీసేయండి. అయితే ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ పేరు కూడా కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టారంటే వాట్సాప్ వెబ్‌లో దింపుకున్న ఫోటోలు కూడా పోవచ్చు. అసలు నన్నడిగితే, ఇంట్లో ఫోటోలకు ఆ కట్టే సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. ఫోల్డర్లను నేరుగా కాపీ చేసుకుంటే చాలు.

సి డ్రైవ్ బాగానే ఉందా? అయితే డిస్క్‌ను ఏ పద్ధతిలో ఫార్మాట్ చేశారో, అంటే ఫైళ్లు దాచేందుకు ఎలా సిద్ధం చేశారో చూడాలి. డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరవండి. 'ఫైల్ సిస్టమ్' అన్నచోట ఫ్యాట్ 32 అని ఉంటే, ఆ డిస్క్ ఒక్కో ఫైలూ 4 జీబీ లోపు ఉంటేనే తీసుకుంటుంది. వంద జీబీలు ఖాళీ ఉన్నా సరే, అంతకంటే పెద్ద ఫైలు ఒక్కటీ ఎక్కదు. ఫోటోలకు ఈ ఇబ్బంది రాదు, వీడియోలకే. ఐఫోన్‌లో 4కె వీడియోను సెకనుకు 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ అవుతుంది. తలంబ్రాల ఘట్టం ఒక్కటి పదకొండు నిమిషాలు ఆపకుండా తీశారంటే 4 జీబీ దాటినట్టే. కొన్ని ప్రోగ్రాములు ఫైలు పెద్దదని సరిగ్గానే చెబుతాయి, కొన్ని మాత్రం చోటు లేదని సరిపెట్టేస్తాయి.

దీనికి కొత్త డిస్క్ కొననక్కర్లేదు. ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో మళ్లీ ఫార్మాట్ చేస్తే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. కానీ ఫార్మాట్ అంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, ముందు అవన్నీ వేరేచోటికి తీసుకోవాలి.

1 టీబీ డిస్క్ పెడితే 931 జీబీయే చూపిస్తోందని షాపువాడి మీద కోప్పడకండి. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. మోసం ఏమీ లేదు.

నిజంగానే డిస్క్ నిండిపోవడానికి పెద్ద కారణం పాత కాపీలు. 'కొత్త ఫోల్డర్ 3' అన్న పేరును 'చెల్లి పెళ్లి' అని మార్చారనుకోండి, చాలా బ్యాకప్ ప్రోగ్రాములు దాన్ని కొత్త ఫోల్డర్ అనుకుని మొత్తం మళ్లీ ఎక్కిస్తాయి. విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీ అనే బ్యాకప్ సదుపాయం అయితే మీరు మార్చకపోతే పాత కాపీలను ఎప్పటికీ ఉంచేస్తుంది. బ్యాకప్ డిస్క్‌లో డిలీట్ చేసినవి కూడా రీసైకిల్ బిన్ ఖాళీ చేసేదాకా ఆ డిస్క్‌లోనే ఉంటాయి.

ఫోన్‌లో గూగుల్ ఫోటోస్ వాడేవాళ్ల సంగతి వేరు. 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ఫోటోలు దాదాపు అన్నీ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోకే లెక్క. జీమెయిల్, డ్రైవ్, ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోవే. రోజూ వచ్చే శుభోదయం బొమ్మలూ దాన్నే తింటాయి. ఆ యాప్‌లో ఫోటో డిలీట్ చేస్తే ఫోన్‌లోదీ పోతుంది, క్లౌడ్‌లోదీ, అంటే గూగుల్ దగ్గర దాచినదీ పోతుంది. బిన్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత రాదు. 'ఫ్రీ అప్ స్పేస్' అన్నది నొక్కితే మాత్రం, ఇప్పటికే క్లౌడ్‌కు చేరినవే ఫోన్‌లోంచి తొలగుతాయి.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, రోజుల తరబడి తగ్గలేదు. ల్యాప్‌టాప్, బ్యాకప్ డిస్క్ రెండూ ఒకే బీరువా కింది అరలో ఉంటే రెండూ ఒకేసారి మునుగుతాయి. అందుకే రెండో డిస్క్ ఒకటి గుంటూరులో అన్నయ్యగారింట్లోనో, పై అంతస్తు పిన్నిగారి దగ్గరో పెట్టండి. ఇచ్చేముందు అందులోంచి నాలుగైదు ఫోటోలు, ఒక పెద్ద వీడియో తెరిచి చూడండి. ఎజెక్ట్ నొక్కాకే కేబుల్ లాగండి.

నమస్కారం.