నాలుగేళ్ల గండం

(అమలాపురంలో విద్యార్థులూ ఊరివాళ్లూ కలిసి మొదలుపెడుతున్న హిప్‌హాప్ బృందం తొలి సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండీ.

నన్ను పరిచయం చేసిన తమ్ముడు "కోనసీమలో మొట్టమొదటి బి-గర్ల్" అనేశాడు. అంటే బ్రేకింగ్ అనే హిప్‌హాప్ డాన్సు ఆడే అమ్మాయి అని. అది నిజం కాదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ వరండాలో ఆరుగురం బ్రేకింగ్ నేర్చుకున్నాం. ఆరుగురిలో అందరికంటే మొద్దుని నేనే. చేతుల మీద ఫ్రీజ్ వేస్తే, అంటే కదలకుండా నిలబడితే, మూడు లెక్కపెట్టేలోపు కింద పడేదాన్ని. ఇప్పుడు బ్యాంకులో లోన్ ఫైళ్లు చూసుకుంటున్నాను. వాన పట్టేముందు మోకాలు చెబుతుంది. కాబట్టి నా దగ్గర స్టెప్పులు ఆశించకండి. ఒక క్లబ్బు ఎలా పుట్టి ఎలా పోయిందో దగ్గరుండి చూశాను, అది చెబుతాను.

రెండో ఏడాదిలో మొదలుపెట్టాం. మూడో ఏడాదికి ముప్పై మంది అయ్యాం. యాన్యువల్ డేకి మాదే మొదటి బహుమతి. నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్ల టెన్షన్, ఆపైన సెలవు. మరుసటి ఏడాది జూన్‌లో సర్టిఫికెట్ల కోసం వెళ్లినప్పుడు చూస్తే, ఆడటానికి నేల మీద పరుచుకోవాలని మేం చందాలేసి కొన్న లినోలియం షీటు స్టోర్ రూంలో సిమెంటు బస్తాల కింద ఉంది. సీనియర్లు హైదరాబాదో బెంగుళూరో వెళ్లిపోయారు, జూనియర్లకి గది తాళం ఎవరిని అడగాలో కూడా తెలీదు. చాలాకాలం కాలేజీవాళ్లని తిట్టుకున్నాను. తర్వాత తట్టింది, తప్పు మాది కూడా. మేం జూనియర్లకి నేల మీద గిరగిరా తిరిగే విండ్‌మిల్ స్టెప్పు నేర్పాం గానీ, దాన్ని ఇంకొకడికి ఎలా నేర్పాలో నేర్పలేదు. బహుమతి వచ్చిన రోజు నుంచీ మా ధ్యాసంతా స్టేజీ మీదే.

అసలు హిప్‌హాప్ పుట్టింది స్టేజీ మీద కాదండీ. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే ప్రాంతం, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు అపార్టుమెంటు, కింద అద్దెకున్నవాళ్లు వాడుకునే ఒక హాలు. 1973 ఆగస్టు 11. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవాలని కోరిక, చేతిలో డబ్బులు లేవు. హాలు అద్దెకి తీసుకుని, కార్డుల మీద చేత్తో ఆహ్వానాలు రాసి, అమ్మాయిలకి 25 సెంట్లు, అబ్బాయిలకి 50 సెంట్లు టికెట్టు పెట్టింది. పాటలు వేసింది ఆవిడ అన్న క్లైవ్. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. ఆ అన్ననే లోకం డీజే కూల్ హెర్క్ అంటుంది. చెల్లెలి పేరు మాత్రం చాలామందికి గుర్తుండదు. మొదటి పార్టీ పెట్టింది ఒక ఆడపిల్ల. ఇవాళ ఇక్కడ వచ్చినవాళ్లలో అమ్మాయిలు ఎంతమందో నేను లెక్కపెట్టాను. మళ్లీ ఆ విషయానికి వస్తాను.

హెర్క్ చేసిన పని చెప్పుకుంటే చాలా చిన్నది. పాటలో గాయకుడు ఆగిపోయి డ్రమ్ములు ఒక్కటే మోగే కొద్ది సెకన్లు ఉంటాయి, దాన్నే బ్రేక్ అంటారు. జనం ఆ ముక్క కోసమే కాచుకుని కూర్చుని, అది రాగానే రెచ్చిపోవడం ఆయన గమనించాడు. ఒకే రికార్డువి రెండు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోతుండగా రెండోదాంట్లో మళ్లీ మొదలుపెట్టేవాడు. అలా సెకన్ల ముక్క నిమిషాలు సాగేది. ఆ బ్రేకుల మీద ఆడారు గనక బి-బాయ్, బి-గర్ల్. వాటి మీద మాట కలిపినవాళ్లు ఎంసీలు. గోడల మీదా రైళ్ల మీదా పేర్లు రాసినవాళ్లు గ్రాఫిటీ ఆర్టిస్టులు. డీజే, ఎంసీ, బ్రేకింగ్, గ్రాఫిటీ, ఈ నాలుగూ హిప్‌హాప్‌కి అంగాలంటారు. ఐదోది తెలివిడి. నువ్వెవరివో, నీ ఊరెలా ఈ స్థితికి వచ్చిందో తెలుసుకోవడం.

ఆ బ్రాంక్స్ అప్పుడెలా ఉండేదంటే, పెద్ద రహదారి కోసం పేటలకి పేటలు కూల్చేశారు. ఇన్సూరెన్సు డబ్బుల కోసం కొందరు యజమానులు సొంత భవనాలకే నిప్పు పెట్టించిన రోజులవి. పార్కులో పార్టీ పెడితే వీధి దీపం స్తంభం నుంచి కరెంటు లాక్కునేవాళ్లు. (మన తీర్థాల్లో కూడా ఆ విద్య తెలిసినవాళ్లు ఉన్నారు. మన బృందం మాత్రం బిల్లు కట్టుకుందాం.) మన డెల్టాని దాంతో పోల్చను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మనది అన్నం పెట్టే నేలే. కాకపోతే ఆ అన్నం అందరి కంచంలోనూ ఒకేలా పడలేదు, అది వేరే సంగతి. కాదులెండి, హిప్‌హాప్‌లో ఆ సంగతే అసలు సంగతి.

ఇక విద్యార్థుల పాత్ర. వీధిలో పుట్టినదాన్ని ఊరూరికీ మోసినవాళ్లలో కాలేజీ పిల్లలు ముందున్నారు. పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం లాంగ్ ఐలండ్‌లోని అడెల్ఫీ విశ్వవిద్యాలయం రేడియో చుట్టూ తయారైంది. హిప్‌హాప్‌కి పెద్ద పత్రికగా పేరు తెచ్చుకున్న 'ది సోర్స్' 1988లో హార్వర్డ్ విద్యార్థులు తీసిన చిన్న కరపత్రం. కొలంబియా విశ్వవిద్యాలయం రేడియోలో 1990 నుంచి 1998 దాకా అర్ధరాత్రి దాటాక వచ్చిన ఒక కార్యక్రమంలో, ఇంకా ఏ కంపెనీ సంతకం చేయించుకోని కుర్రాళ్లు వచ్చి పాడేవాళ్లు. వాళ్లలో తర్వాత పెద్ద ర్యాపర్లయిన నాస్, జే-జీ ఉన్నారు. తర్వాత్తర్వాత హిప్‌హాప్ కాంగ్రెస్ లాంటి సంస్థలు కాలేజీల్లో ఒక శాఖ, ఊళ్లలో ఒక శాఖ పెట్టుకుంటూ వెళ్లాయి. నాకు ఇందులో నచ్చేది రెండో ముక్క, ఊళ్లలో కూడా పెట్టడం.

ఎందుకంటే విద్యార్థి బృందానికి నాలుగేళ్ల గండం ఉంటుంది. డిగ్రీ అయితే మూడేళ్లే. పట్టుమని పది మంది తయారయ్యేసరికి బస్సెక్కేస్తారు. ఊరివాళ్లు ఎక్కడికీ పోరు. అందుకే మన బృందంలో సగం మంది కాలేజీ ఐడీ కార్డు లేనివాళ్లు ఉండాలని నేను పట్టుబట్టాను. ఈ బృందం గురించి ముందుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు "బయటివాళ్లు వస్తే క్రమశిక్షణ ఉండదు" అన్నారు. ఇక్కడ బయటివాళ్లెవరండీ? ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లా, నాలుగేళ్లలో వెళ్లిపోయేవాళ్లా?

ఎవరు కావాలో కూడా చెబుతాను. ముందు మైక్ సెట్ బాబాయి. మన దగ్గర డీజే అంటే మనిషి కాదు, వినాయకుడి వెనకాల పెట్టెలు పేర్చుకుని వచ్చే లారీ. గుండె అదిరేలా మోగుతుంది, మీట నొక్కి వదిలేస్తారు. కానీ పాతికేళ్లు పెళ్లి పందిళ్లలో మైకు కట్టిన మనిషికి ఏ పెట్టె ఎటు తిప్పితే గోడకి కొట్టి తిరిగొస్తుందో, కూత ఎక్కడ మొదలవుతుందో చెవికి తెలుసు. ఆ చెవి మనకి కావాలి.

రెండో మనిషి బోర్డులు రాసిన ఆర్టిస్టు గారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకి పని పోయింది. ఒకప్పుడు ఈ ఊరి కిళ్లీ కొట్టు నుంచి సినిమా హాలు దాకా ఆయన కుంచె తగలని తలుపు లేదు. మన పిల్లలు గ్రాఫిటీ అనగానే ఇంగ్లీషు అక్షరాలు కోణాలు కోణాలుగా గీస్తున్నారు. తెలుగు అక్షరం గుండ్రన. 'క్ష'కి వొత్తు ఎటు తిప్పాలి, తలకట్టుని బాణంలా లాగితే ఎక్కడ ఆపాలి అన్నది ఆయన్ని అడగాలి. గోడ యజమాని సంతకం పెట్టిన కాగితం ఉంటేనే రంగు డబ్బా తెరవండి. కాలువ లాకుల గోడల జోలికీ బడి గోడల జోలికీ వెళ్లొద్దు. ఇంకోటి, ఎన్నికలైపోయిన ఫ్లెక్సీ వెనక్కి తిప్పి నేల మీద పరిస్తే స్పిన్నులకి భలే ఉంటుంది. ఆయన పని తీసేసిన ఫ్లెక్సీని మనం కాళ్ల కింద వేసుకుంటున్నామని చెబితే ఆయన నవ్వారు.

మూడోవాళ్లు డప్పు కొట్టేవాళ్లు. వాళ్లని ఊరేగింపులో ముందు నడిపిస్తాం, భోజనాల దగ్గర చివర కూర్చోబెడతాం. కాలేజీ స్టేజీకి అసలు పిలవం. డప్పు మీద చిర్రా చిటికెన పుల్లా మాట్లాడుకుంటుంటే వినండి, ఆ బ్రేక్ ఏ రికార్డులోనూ దొరకదు. పిలిచి, కూలి ఇచ్చి, పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఫోన్లో రికార్డు చేసుకుని పారిపోవడం కాదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. "ర్యాప్ మనకి కొత్తా? బుర్రకథ లేదా? అవధానం లేదా?" అని పెద్దలు అంటారు. అన్నీ మన దగ్గరే పుట్టాయనే వాదన నాకు నచ్చదు. బ్రాంక్స్ పిల్లలు కష్టపడి కట్టుకున్నది వాళ్లదే. పోలిక మాత్రం పనికొస్తుంది. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ వంతలుంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు ఊళ్లో రాజకీయం అందుకుంటారు. ఎంసీ పక్కన నిలబడి మాట అందించేవాడి పని ఇంచుమించు అదే. కడియం నుంచి వచ్చిన చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి, యండగండి నుంచి వచ్చిన దివాకర్ల తిరుపతి శాస్త్రి అవధానాలు చేసే జంట కవులయ్యారు. మీసాలు పెంచి, మమ్మల్ని గెలిచిన కవి ఉంటే ఇవి తీసేస్తాం అని పద్యంలోనే సవాలు విసిరారు. నూరేళ్ల కిందటి బ్యాటిల్ అంటే అదీ.

అవధానం నుంచి మనం దొంగిలించాల్సింది దత్తపది. నాలుగు మాటలు ఇస్తారు, వాటికి సంబంధం ఉండదు, నాలుగూ వచ్చేలా పద్యం చెప్పాలి. పోయిన ఆదివారం పిల్లలకి నేను 'పంటు, ఛార్జరు, అరిటాకు, సప్లీ' ఇచ్చాను. ఒకమ్మాయి గోదావరి మధ్యలో పంటు ఆగిపోయినట్టూ, ఛార్జరు లేక సప్లీ రిజల్టు చూడలేకపోయినట్టూ అల్లేసింది. అరిటాకు మర్చిపోయింది. ఓడిపోయినా చప్పట్లు ఆమెకే.

రాసేవాళ్లకి ఒక మాట. తెలుగులో చివరి ప్రాస మరీ చవక. వెళ్తున్నా, తింటున్నా, పడుతున్నా... క్రియలన్నీ ఒకేలా ముగుస్తాయి కాబట్టి వంద పంక్తులు కలిపినా కష్టపడినట్టు కాదు. మన పాతవాళ్లు అందుకే కాబోలు రెండో అక్షరం మీద ప్రాస పెట్టుకున్నారు. అది బీటు మీద పడితే దెబ్బే వేరు. పాలిటెక్నిక్ పిల్లాడొకడు రాసినవి చదువుతాను, తాళం వేయండి.

లాకు తలుపు ఎత్తితేనే నీరు కదిలేది
నాకు మైకు చిక్కితేనే నోరు మెదిలేది
ఏకు మేకై కూర్చున్నోడు ఊరు ఏలేది
మాకు గట్టు కోసుకెళ్లే ఏరు మిగిలేది

వీడు మొదట్లో తుపాకులూ ఖరీదైన కార్లూ రాసుకొచ్చేవాడు. "నీకు సైకిల్ కూడా లేదు కదరా" అన్నాను. అలిగాడు. తర్వాత వారం వాళ్ల లంకలో గట్టు ఎంత కోసుకుపోయిందో రాసుకొచ్చాడు. రాయడానికి మనకి కరువా? అమ్మ కువైట్‌లో, కొడుకు ఇక్కడ అమ్మమ్మ దగ్గర, మధ్యలో వీడియో కాల్. కొబ్బరి చెట్టెక్కి దింపు తీసేవాళ్లు పడితే వాళ్లకి దిక్కెవరు? 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి ఏ ఇంట్లో ఎవరు ఏ దూలం కింద దాక్కున్నారో మీ మామ్మల్ని అడగండి. ఐదో అంగం అంటే ఇదే.

యాస దాచుకోవద్దు. హైదరాబాద్ మాట అరువు తెచ్చుకుంటే నోట్లో రాయి పెట్టుకున్నట్టుంటుంది. "ఆయ్" అన్నది ఎంత మంచి అడ్‌లిబ్బో, అంటే పాట మధ్యలో విసిరే చిన్న మాటో, మీకు తెలీట్లేదు.

ఇప్పుడు అమ్మాయిల సంగతి. ఇరవై ఆరు మందిలో నలుగురు. తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. మన జిల్లాల్లో ఆడపిల్ల పాట పెట్టుకుని ఆడుతుందంటే ముందు గుర్తొచ్చేది సంక్రాంతికి తోటల్లో పెట్టే రికార్డింగ్ డాన్సులు, ఈలలు, చీట్లేసి విసిరే నోట్లు. మా అమ్మ కూడా నన్ను ఆ మాటే అంది. ఆవిడ్ని ఒకరోజు తీసుకెళ్లి కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గంటసేపు చూసి, "ఇది కసరత్తు కదే" అంది. కాబట్టి తలుపు తీసే ఉంచుదాం. ఏ అమ్మయినా, ఏ నాన్నయినా ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు.

తలుపు తీసి ఉంచడానికి ఇంకో కారణం ఉంది, అది చెప్పడం ఇబ్బందే. ముఠాల్లో తిరిగే కుర్రాళ్లని సంగీతం వైపు తిప్పి, దేశదేశాల్లో శాఖలు పెట్టిన జులూ నేషన్ సంస్థని స్థాపించింది బ్రాంక్స్ డీజే ఆఫ్రికా బంబాటా. చిన్నప్పుడు తమని లైంగికంగా వేధించాడని 2016లో కొందరు ఆయన మీద ఆరోపించారు. ఆయన ఖండించారు. సంస్థ నాయకత్వం మారింది. నిజానిజాలు తేల్చే చోటు ఇది కాదు. కానీ మనకి గురువు గారు వద్దు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలతో ఏ పెద్దా ఒంటరిగా ఉండకూడదు, నేనైనా సరే. అదొక్కటి మాత్రం గోడ మీద రాసిపెడదాం, ఆర్టిస్టు గారి చేత్తో.

ఒలింపిక్స్ గురించి అడుగుతారని తెలుసు. 2024లో పారిస్‌లో బ్రేకింగ్ పెట్టారు, అమ్మాయిల్లో జపాన్ అమీ, అబ్బాయిల్లో కెనడా ఫిల్ విజార్డ్ బంగారు పతకాలు గెలిచారు. 2028 జాబితాలో లేదు. పతకం కోసం వచ్చినవాళ్లు ఉంటే టీ ఇంకా వేడిగానే ఉంది, తాగి వెళ్లొచ్చు.

చివరిగా చోటు, వేళ. కాలేజీ హాలు అడగలేదు, కావాలనే. మిల్లు ఆసామి ఒకాయన ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఆదివారం సాయంత్రాలు వాడుకోమన్నారు. ధాన్యం ఉన్న రోజుల్లో కళ్లం ధాన్యానిదే, మనం ఏటిగట్టు మీదకి పోతాం. నాలుగున్నరకి మొదలు. గుండ్రంగా నిలబడతాం, మధ్యలోకి ఎవరైనా రావచ్చు. ఇద్దరే వచ్చిన రోజైనా మొదలుపెట్టాలి. ఒక స్టెప్పు వచ్చినవాడు ఆ నెలలోపు ఇంకొకరికి నేర్పి చూపించాలి. షీటూ స్పీకరూ ఉన్న గది తాళాలు రెండు. ఒకటి ఫస్టియర్ పిల్ల దగ్గర, రెండోది మైక్ సెట్ బాబాయి దగ్గర. ఫైనలియర్ వాళ్లెవరికీ ఇవ్వం. ఆ ఫస్టియర్ పిల్ల ఫైనలియర్‌కి వచ్చిన రోజున తాళం మళ్లీ చేయి మారుతుంది.

వచ్చే ఆదివారం మంచినీళ్ల సీసా తెచ్చుకోండి. సిమెంటు సాయంత్రం దాకా కాలుతుంది.