కల్తీ కల్లు: దుకాణాలు మూస్తే సరిపోతుందా? (చర్చా కార్యక్రమం)

యాంకర్: 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూసేయాలా, వద్దా? ముందు మాజీ ఎక్సైజ్ అధికారి గారు.

మాజీ అధికారి: అసలు కల్లులో మత్తు తక్కువ. ఆ మత్తు చాలదని అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతున్నారు. అల్ప్రాజోలం ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. పట్టుబడిన పరిమాణాన్ని బట్టి శిక్ష...

గీత సంఘం నాయకుడు: సార్, ఆగుండ్రి. మందు కలిపెటోడు చెట్టెక్కుతడా? తెల్లారకముందే నడుముకు మోకు కట్టుకొని తాటిచెట్టెక్కి, గెల కోసి, లొట్టి (కల్లు కుండ) దించేది మా గీత కార్మికుడు. కింద పడి చచ్చిపోతే ఎక్స్‌గ్రేషియా 5 లక్షలు. నడుము ఇరిగి మంచంల పడ్డోన్ని ఎవడు చూస్తడు?

యాంకర్: మూసేయాలా, వద్దా?

నాయకుడు: కల్తీ చేసెటోన్ని మూయుండ్రి!

టూరిజం వ్యాపారి: అన్నా, నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. నీరా అంటే పులియని తాటి, ఈత చెట్ల రసం. అది పులియకుండా చల్లగా తేవాలి, ఎండ తగిలిందా కల్లే. తోట నుంచి నగరం దాకా ఆ చల్లదనం నిలబెట్టడానికే మా డబ్బంతా...

యాంకర్: మేడం, మూసేయాలా?

వ్యాపారి: అది కాదండీ. గోవా ఫెనీకి 2009లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో వారసత్వ పానీయం అన్నారు. మన కల్లుకు ఎందుకు రాదు?

మాజీ అధికారి: ఫెనీ కాచిన సారాయి, నిల్వ ఉంటుంది. కల్లు మర్నాటికే పులిసి చెడిపోతుంది. రెంటినీ పోల్చలేం. పైగా నగరంలో చెట్లే లేవు. ఇంత కల్లు...

నాయకుడు: (గొంతు పెంచి) చెట్లు కొట్టి ప్లాట్లు చేసింది ఎవలు? మేమా? ఈతవనాలు పెంచుండ్రి అని ఎన్నేండ్ల నుంచి మొత్తుకుంటున్నం!

యాంకర్: నగరంలో ఒకప్పుడు మూసేసిన దుకాణాలే 2014లో మళ్లీ తెరిచారు. మళ్లీ మూసేస్తే తప్పేంటి?

నాయకుడు: మూస్తే కల్తీ గల్లీలకు పోతది. తాగెటోడు ఆగడు. ఆడ పరీక్ష చేసెటోడు కూడా ఉండడు.

మాజీ అధికారి: ఆ మాట నిజమే. కానీ శాంపిల్...

నాయకుడు: ఒప్పుకున్నడు! సారే ఒప్పుకున్నడు!

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

యాంకర్: ఒక్కొక్కరు, దయచేసి! సార్, దుకాణాలు...

నాయకుడు: మా దగ్గర పొద్దుగాల 6 గంటలకు లొట్టి దించుతం. ఆ టైముకు ఒక్క అధికారి వచ్చి చెట్టు కింద శాంపిల్ పట్టుకొమ్మనుండ్రి. మళ్ల సాయంత్రం దుకాణంల పట్టుమనుండ్రి. మందు ఏడ కలిసిందో ఒక్కదినంల తేలుతది.

యాంకర్: సమయం అయిపోయింది. విరామం తర్వాత వార్తలు.