ఫోన్-ఇన్: పిల్లల్లో మెదడు కణితులు

యాంకర్: మాట్లాడండమ్మా, డాక్టర్ గారు వింటున్నారు.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా బాబుకు ఏడేళ్లు. ఆరు నెలల కిందట మెదడులో కణితి, మెడుల్లోబ్లాస్టోమా అన్నారు, ఆపరేషన్ అయింది. అంతకుముందు రెండు నెలలు పొద్దున లేవగానే వాంతి చేసుకునేవాడు. గంట గడిస్తే మామూలే, ఆడుకునేవాడు. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నాను. గోడ పట్టుకుని నడిచేదాకా నాకు... సరే, అడగాలనుకున్నది అది కాదు. వాడు కడుపులో ఉన్నప్పుడు ఫోను దిండు పక్కనే పెట్టుకునేదాన్ని. దానివల్లే వచ్చిందా?

డాక్టర్: లేదమ్మా. పద్నాలుగు దేశాల్లో 10 నుంచి 24 ఏళ్ల వారిని పరిశీలించిన మోబీ-కిడ్స్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. ఫోను వల్ల కణితి వస్తుందనడానికి ఆధారం దొరకలేదు.

కాలర్: అది పెద్ద పిల్లల మాట కదండీ. నేనైతే తొమ్మిది నెలలూ...

డాక్టర్: తలకు ఆనించుకుని మాట్లాడినవారిలోనే కనబడలేదమ్మా, దిండు దగ్గర పెడితే వస్తుందా? ఖాయంగా తెలిసిన కారణాలు చాలా తక్కువ. ఒకటి, తలకు ఎక్కువ మోతాదులో తగిలిన రేడియేషన్. 1950లలో ఇజ్రాయెల్‌లో తలలో తామరకు వేలమంది పిల్లలకు ఎక్స్‌రేలతో చికిత్స చేశారు. పెద్దయ్యాక వారిలో మెదడు పొరల కణితులు ఎక్కువగా కనిపించాయి. రెండోది, న్యూరోఫైబ్రోమటోసిస్ వంటి జన్యులోపాలు. అవీ కొద్దిమందిలోనే. మిగతావారిలో కారణం తెలియదు.

కాలర్: అయితే ఫోను...

డాక్టర్: కాదమ్మా! కాదు. మీరు చేసిందేమీ లేదు. పొద్దున వాంతులు, నడకలో తూలడం, ఈ రెండూ కలిస్తే ఆలస్యం చేయకూడదు. అందరికీ చెబుతున్నాను.

యాంకర్: ధన్యవాదాలమ్మా. తర్వాతి కాలర్.

కాలర్: ఈ జబ్బు పెరుగుతోందంటున్నారు...

డాక్టర్: 1980ల మధ్యలో అమెరికాలోనూ లెక్కలు ఒక్కసారిగా పెరిగాయి. ఎంఆర్ఐ యంత్రాలు వచ్చిన కాలం అది. కణితులు పెరగలేదు, కనబడటం పెరిగిందని నా నమ్మకం. పక్కాగా లెక్కలు రాసే దేశాల్లో ఏటా లక్షమంది పిల్లల్లో ఐదారుగురికి వస్తుంది. పిల్లల క్యాన్సర్లలో లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది ఇదే.

కాలర్: మా అమ్మాయికి తలకు దెబ్బ తగిలి సీటీ స్కాన్ తీశారు. అదీ రేడియేషనే కదా, భయమా?

డాక్టర్: అవసరమై తీసినదానికి భయపడకండి. ఊరికే మళ్లీ మళ్లీ తీయించకండి. పొద్దున వాంతులేమైనా ఉన్నాయా?

కాలర్: లేవండీ.

యాంకర్: సమయం అయిపోయింది డాక్టర్ గారూ.

డాక్టర్: ఇందాకటి అమ్మ ఉన్నారా? బాబు ఇప్పుడు ఎలా నడుస్తున్నాడో అడగలేదు.

యాంకర్: లేరండీ, పెట్టేశారు.