స్టీవ్ జాబ్స్ పుస్తకం చదివేటప్పుడు ఆయన్ని కాసేపు వదిలేయండి

నమస్తే అండీ. ఇవాళ్టి వీడియో, ఆపిల్ కంపెనీ పెట్టిన స్టీవ్ జాబ్స్ మీద వాల్టర్ ఐజాక్సన్ రాసిన జీవితచరిత్ర గురించి. కొత్త పుస్తకమేం కాదు. జాబ్స్ పోయింది 2011 అక్టోబరు 5న, అదే నెల 24న ఇది బజారులోకొచ్చింది. మరి ఇప్పుడెందుకంటారా, మన బెజవాడలో బెంజి సర్కిల్ నుంచి పటమట దాకా కొత్తగా కంపెనీ పెట్టిన కుర్రాళ్లలో ఎవర్ని కదిపినా ఈ పుస్తకం మాట వస్తుంది, ఆ వెంటనే "జాబ్స్ కూడా స్టాఫ్ మీద అరిచేవాడు కదండీ" అన్న మాటా వస్తుంది. మొన్నొకాయన చేతిలో టీ గ్లాసు కూడా దించకుండా ఒక ట్రైనీ అమ్మాయిని పదిమంది ముందు కడిగిపారేసి, నా వైపు తిరిగి సరిగ్గా ఇదే అన్నాడు. పేరొద్దులెండి.

600 పేజీలు చదివి పట్టుకెళ్లింది ఇదా అనిపించింది. అంటే, పుస్తకంలో అరుపులు లేవని కాదు, కావలసినన్ని ఉన్నాయి. ఐజాక్సన్ రెండేళ్లలో జాబ్స్‌తో 40 సార్లకు పైగా మాట్లాడాడు, వందమందికి పైగా స్నేహితుల్నీ పడనివాళ్లనీ బంధువుల్నీ కలిశాడు, జాబ్స్ ఏమో రాసింది నాకు ముందు చూపించు అని కూడా అడగలేదు. అందుకే ఇందులో పూతపని తక్కువ.

నేను చెప్పే పద్ధతి ఒకటుంది. ప్రతి సంఘటనలోనూ జాబ్స్ మీంచి చూపు తీసేసి, ఎదురుగా ఉన్న మనిషి ఎవరు, ఏమన్నారు, చివరికి వాళ్ల చేతికి ఏమొచ్చింది, ఇది చూడండి. పుస్తకం వేరేగా కనిపిస్తుంది.

జాబ్స్‌తో కలిసి ఆపిల్ పెట్టిన ఇంజనీరు వోజ్నియాక్‌తో మొదలుపెడదాం, అందరూ వోజ్ అంటారు. 1975లో అటారీ కంపెనీ బ్రేకవుట్ అనే గేమ్ పని జాబ్స్‌కి ఇచ్చింది. నిజంగా డిజైన్ చేసింది వోజ్, పగలు హెచ్‌పీలో ఉద్యోగం చేసుకుంటూ నాలుగు రోజులు నిద్రలేకుండా పూర్తిచేశాడు. ఆ పనికొచ్చిన 700 డాలర్లలో సగం, అంటే 350, వోజ్‌కి ముట్టింది. చిప్పులు తగ్గించినందుకు విడిగా బోనస్ వచ్చిందన్న సంగతి దాదాపు పదేళ్ల తర్వాతగానీ అతనికి తెలియలేదట. అలా జరగలేదనే జాబ్స్ చివరిదాకా అన్నాడు. డబ్బు అవసరమని ఒక్క మాట చెప్పుంటే నేనే ఇచ్చేసేవాణ్ని కదా అని వోజ్ బాధ.

ఇక అందరూ వాట్సాప్‌లో తిప్పే కథ. ఆపిల్‌లో తయారవుతున్న మ్యాకింటాష్ కంప్యూటర్ ఆన్ అవడానికి చాలాసేపు పడుతోంది. లారీ కెన్యన్ అనే ఇంజనీరు దగ్గరికెళ్లి జాబ్స్, "ఒక ప్రాణం నిలబడుతుందంటే పది సెకన్లు తగ్గిస్తావా?" అన్నాడు. బోర్డు మీద లెక్క వేశాడు. 50 లక్షల మంది, రోజుకి పదేసి సెకన్లు, ఏడాదికి 30 కోట్ల గంటలు, కనీసం వంద జీవితాలతో సమానం. కెన్యన్ కొన్ని వారాల తర్వాత 28 సెకన్లు తగ్గించి చూపించాడు.

బావుంది కదా. ఆ లెక్క మనం ఒకసారి వేద్దాం.

(తెర మీద లెక్క ఒక్కో వరుసా రావాలి)

50 లక్షల మంది, తలా 10 సెకన్లు: రోజుకి 5 కోట్ల సెకన్లు. 3,600తో భాగిస్తే సుమారు 13,900 గంటలు. 365తో గుణిస్తే 50 లక్షల గంటల పైచిలుకు. 30 కోట్లు ఎక్కడండీ? నిమిషాల్లో లెక్కేస్తే 30 కోట్లు వస్తుంది! ఎక్కడో నిమిషాలు కాస్తా గంటలైపోయాయి, అరవై రెట్లు తేడా. అసలు లెక్కలో అది సుమారు 580 ఏళ్లు, డెబ్భయ్యేళ్ల ఆయుష్షు చొప్పున ఓ ఎనిమిది జీవితాలు. వంద కాదు.

ఆ పొరపాటు జాబ్స్‌దో, చెప్పినవాళ్లదో, రాసినాయనదో, మనకి అనవసరం. నాకు నచ్చింది ఏంటంటే, లెక్క తప్పినా 28 సెకన్లు మాత్రం నిజంగా తగ్గాయి. ఇదే ఆయన పద్ధతి. దీనికి 1981లోనే బడ్ ట్రిబుల్ అనే సహోద్యోగి స్టార్ ట్రెక్ సీరియల్ నుంచి ఒక పేరు తెచ్చి పెట్టాడు, రియాలిటీ డిస్టార్షన్ ఫీల్డ్ అని. ఆయన పక్కనుంటే కానిది కూడా అవుతుందనిపిస్తుంది, పక్కకెళ్లాక మత్తు దిగుతుంది. ఇంకో విషయం గమనించారా, ఈ కథలో ఎక్కడా అరుపు లేదు. బోర్డూ, సుద్దముక్కలాంటిదేదో, ఒక లెక్కా, అంతే. మనవాళ్లు మాత్రం దీన్ని వదిలేసి అరుపు పట్టుకున్నారు.

పైగా అరిచినప్పుడు కూడా ఎవరు నెగ్గుకొచ్చారో చూడండి. మ్యాకింటాష్ తయారుచేసే మ్యాక్ టీమ్‌లో 1981 నుంచి ఏటా ఒక అవార్డు ఇచ్చుకునేవాళ్లు, జాబ్స్‌కి బాగా ఎదురు నిలబడ్డవాళ్లకి! మొదటి ఏడాది అది జొయానా హాఫ్‌మన్‌కి వచ్చింది. తను వేసిన మార్కెటింగ్ అంచనాలని జాబ్స్ తనిష్టమొచ్చినట్టు మార్చేశాడని తెలిసి, ఆవిడ కోపంతో ఆయన గదికి బయల్దేరుతూ "కత్తి తీసుకుని గుండెల్లో దించుతా" అని అసిస్టెంటుతోనే చెప్పి వెళ్లింది. జాబ్స్ ఆవిడ చెప్పిందంతా విని వెనక్కి తగ్గాడు. 1983లో ఆ అవార్డు డెబీ కోల్మన్‌కి దక్కింది, ఆవిడకి తర్వాత తయారీ విభాగం అప్పజెప్పారు. అవార్డు సంగతి జాబ్స్‌కీ తెలుసు, ఆయనకది నచ్చేది కూడా. ఇప్పుడు మన బెజవాడ బాసుల ఆఫీసుల్లో ఇలాంటి అవార్డు పెట్టమనండి చూద్దాం, గెలిచినమ్మాయి మర్నాడు ఉద్యోగంలో ఉంటుందో లేదో.

కార్నింగ్ కంపెనీ అధిపతి వెండెల్ వీక్స్‌దీ ఇదే దారి. ఐఫోన్ అద్దం కోసం వెళ్లిన జాబ్స్ గాజు ఎలా తయారవుతుందో గాజు కంపెనీవాడికే పాఠం మొదలెడితే, "కాస్త నోరు మూసుకుని నన్ను సైన్స్ చెప్పనిస్తావా" అన్నాడట. జాబ్స్ విన్నాడు. తర్వాత కెంటకీలోని ఫ్యాక్టరీని మార్చి ఆరు నెలల్లో ఆ అద్దం తీసిచ్చారు. "భయపడకు, నువ్వు చేయగలవు" అని జాబ్స్ పట్టుబట్టిన మాటా నిజమే, కానీ అవతల దశాబ్దాల నాటి గాజు పరిశోధన ఉంది, దాన్ని క్షుణ్ణంగా తెలిసిన మనుషులున్నారు. వట్టి మాటలకి అద్దం రాదు.

ఎదురు చెప్పలేని వాళ్ల సంగతి వేరు. డేనియల్ కాట్‌కీ కాలేజీ స్నేహితుడు, 1974లో ఇండియాలో కలిసి తిరిగినవాడు, మొదట్లో గ్యారేజీలో బోర్డులు బిగించినవాడు. 1980 డిసెంబరులో ఆపిల్ షేర్లు మార్కెట్‌కొచ్చినప్పుడు అతనికి ఒక్కటీ రాలేదు. రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు ఉండబట్టలేక "మనిద్దరం ఇద్దాం, నువ్వెంతిస్తే నేనూ అంత" అంటే, జాబ్స్ జవాబు: "సరే, నేను సున్నా ఇస్తాను." వోజ్ తన వాటాలోంచి కొందరికి పంచిపెట్టాడు.

కూతురు లీసా 1978లో పుట్టింది. రక్తపరీక్షలో 94.41 శాతం తండ్రి ఈయనేనని తేలినా ఒప్పుకోలేదు. చివరికి పాప పోషణకి నెలకి 385 డాలర్లకు సంతకం పెట్టాడు, షేర్లు మార్కెట్‌కి వెళ్లడానికి కాస్త ముందు. ఆ షేర్లతో ఆయన ఆస్తి 25 ఏళ్ల వయసులో 25 కోట్ల డాలర్లు దాటింది. ఆ రోజుల్లోనే ఆపిల్‌లో తయారవుతున్న కంప్యూటర్ పేరు లీసా. అది పాప పేరు కాదని ఏళ్ల తరబడి బుకాయించి, ఐజాక్సన్ దగ్గర మాత్రం అది నా కూతురి పేరేనని ఒప్పుకున్నాడు. ఈ భాగం చదువుతుంటే నాకు నిజంగా కోపమొచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

నాకు బాగా ఇష్టమైన మనిషి మాత్రం పెంచిన తండ్రి పాల్ జాబ్స్. మన ఆటోనగర్ మేస్త్రిలాంటివాడు. పాత కార్లు కొని, బాగుచేసి అమ్మేవాడు, పార్టు అసలు ధర కౌంటర్‌లో వాడికంటే ఆయనకే బాగా తెలుసు కాబట్టి బేరంలో ఓడేవాడు కాదు, ఆ లాభంతోనే పిల్లాడి చదువుకి డబ్బు దాచాడు. కంచె కట్టేటప్పుడు కనపడని వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా చెయ్యాలని నేర్పింది ఆయనే. మ్యాకింటాష్ లోపలి సర్క్యూట్ బోర్డు అందంగా లేదని జాబ్స్ గొడవ చేసింది అందుకే, ఎవరూ పెట్టె తెరిచి చూడరని ఇంజనీర్లు మొత్తుకున్నా సరే.

2003 అక్టోబరులో స్టీవ్ జాబ్స్‌కి క్యాన్సర్ బయటపడింది. డాక్టర్లు ఆపరేషన్ అంటే, ఆహార నియమాలూ ఆక్యుపంక్చరూ అంటూ తొమ్మిది నెలలు వాయిదా వేశాడు. ముందే చేయించుకుంటే ఏమయ్యేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు కాబట్టి నేనూ చెప్పను, కానీ ఇంట్లో పెద్దవాళ్ల జబ్బు విషయంలో మొండితనం చూసినవాళ్లకి ఆ పేజీలు కష్టంగా ఉంటాయి.

పుస్తకంలో లోపాలూ ఉన్నాయి. వస్తువు ఎలా తయారైందన్న దానిమీద ఐజాక్సన్‌కి పట్టు తక్కువ, మనుషుల గొడవల మీద ఎక్కువ. ఆపిల్ నుంచి బయటికొచ్చాక జాబ్స్ పెట్టిన నెక్స్ట్ కంపెనీ సాఫ్ట్‌వేరే తర్వాత మ్యాక్‌కీ ఐఫోన్‌కీ పునాది అయింది, దాన్ని ఇంకా విడమరిచి రాయాల్సింది. పాఠకులు జాబ్స్ కరుకుతనం మీదే మరీ దృష్టి పెడుతున్నారని 2012లో ఐజాక్సన్ స్వయంగా ఒక వ్యాసంలో వాపోయాడు. ఆ కరుకుతనం ఆయనకి ఉపయోగపడిన దానికంటే అడ్డుపడిందే ఎక్కువని పుస్తకంలోనూ రాశాడు, మనవాళ్లు ఆ పేజీ తిప్పేసినట్టున్నారు.

కొనేవాళ్లు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు ఒకసారి చూడండి, దొరికితే సగం ధరకే వస్తుంది. కాకపోతే నకలు ప్రింటు అంటగడతారు, ఫొటోల పేజీలు మసగ్గా ఉంటే వదిలేయండి. టైం లేదనుకునేవాళ్లు ముందు మ్యాకింటాష్ తయారైన భాగం, తర్వాత లీసా గురించిన భాగం చదవండి. లీసా తన చిన్నతనం గురించి 2018లో సొంతంగా పుస్తకం రాసింది, అది దీని తర్వాత చదవండి, ముందు చదివితే ఇందులో జాబ్స్ ఏం చేసినా నచ్చదు.