మీ ప్రకటన పైసలు ఏ మాటకు పోతున్నాయి?

(హనుమకొండలో చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కొత్తవాడ నుంచి వచ్చిన నేత సొసైటీ పెద్దలకు, చౌరస్తా దుకాణదారులకు, లాడ్జీలు, క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు నడుపుతున్న అన్నలకు, అక్కలకు వందనాలు.

మీలో చాలామంది ఇప్పటికే గూగుల్‌లో ప్రకటన ఇచ్చి చూసినవాళ్లే. "పైసలు పోయినయి గానీ గిరాకీ రాలేదు" అనే మాట హాల్లోకి వస్తుంటేనే వినపడింది. అందుకే నేరుగా పైసల దగ్గరికే వస్తాను.

ఈ ప్రకటనల పద్ధతిని గూగుల్ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలుపెట్టింది. 2018లో పేరు గూగుల్ యాడ్స్ అయింది, తెలుగులో ప్రకటనలు ఇచ్చే వీలు కూడా ఆ ఏడాదే వచ్చింది. పని జరిగే తీరు మాత్రం అదే. ఒక మనిషి తనకు కావాల్సింది టైపు చేసి వెతుకుతాడు. అప్పటికప్పుడు ఆ మాటకు వేలం జరుగుతుంది. గెలిచిన ప్రకటన 'స్పాన్సర్డ్' అని పైన కనపడుతుంది. ఎవరైనా నొక్కితేనే మన ఖాతాలో పైసలు తెగుతాయి. వెతుక్కుంటూ వచ్చినవాడే మన ప్రకటన చూస్తున్నాడు కదా, మరి పైసలు ఎక్కడ పోతున్నాయి? అతను వెతికింది ఒకటి, మనం అమ్మేది ఇంకొకటి అయిన చోట పోతున్నాయి.

కొత్తవాడ సంగతే తీసుకుందాం. వరంగల్ దరీలకు, అంటే జంపఖానాలకు, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలోనే మన ఊరి తివాచీలను చూపించారు. ఇంత పేరున్న సరుకు అమ్మే సొసైటీ ఒకటి 'కార్పెట్' అనే ఒక్క మాటను కీవర్డుగా, అంటే ఏ మాట వెతికితే ప్రకటన కనపడాలో ఆ మాటగా పెట్టుకుని, బ్రాడ్ మ్యాచ్‌లో ప్రకటన ఇచ్చిందనుకోండి. బ్రాడ్ మ్యాచ్ అంటే, ఆ మాటకు దగ్గరగా ఉందని గూగుల్‌కు అనిపించిన ప్రతి వెతుకులాటకూ మన ప్రకటన చూపించవచ్చు. జనం ఏమేం వెతికినప్పుడు మన ప్రకటన కనపడిందో చూపేది 'సెర్చ్ టర్మ్స్' రిపోర్టు. వారం తర్వాత ఖాతాలో దాన్ని తెరిస్తే ఏం కనపడవచ్చో చెప్తాను. 'కార్పెట్ క్లీనింగ్ హనుమకొండ.' 'కారు కార్పెట్ ధర.' 'కార్పెట్ ఏరియా అంటే ఏమిటి?' ఈ చివరిది ఫ్లాట్ కొనేవాడు అడిగిన ప్రశ్న. అతనికి కావాల్సింది గదుల విస్తీర్ణం. అతను పొరపాటున నొక్కినా ఆ క్లిక్కు ఖర్చు మగ్గం మీద కూర్చున్నవాళ్ల కష్టంలోంచే పోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

దీనికి మందు నెగెటివ్ కీవర్డ్స్. ఫలానా మాటలతో వెతికితే నా ప్రకటన చూపించొద్దు అని ముందే చెప్పడం. క్లీనింగ్, కారు, ఉద్యోగాలు, ఫ్రీ, పీడీఎఫ్ ఇట్లాంటివి మొదటి రోజే పెట్టేయొచ్చు. కానీ తొందరపడి 'ఏరియా' అనే మాటను ఒంటరిగా ఆపేయకండి. గది మధ్యలో పరిచే తివాచీని బయటి కొనుగోలుదారులు 'ఏరియా రగ్గు' అంటారు, ఆ గిరాకీ కూడా ఆగిపోతుంది. 'కార్పెట్ ఏరియా' అని రెండు మాటలనూ కలిపి, ఆ వరుసలోనే ఫ్రేజ్ నెగెటివ్‌గా పెట్టండి. ఇంకొకటి, ఇక్కడ ఏకవచనం ఆపితే బహువచనం దానంతటది ఆగదు, రెండూ రాసుకోవాలి.

సాయంత్రం దుకాణం కట్టేసే ముందు చిట్టా చూడకుండా ఇంటికి పోయే వ్యాపారి మన మార్కెట్లో ఉండడు. ఈ రిపోర్టు కూడా చిట్టానే. వారానికి ఒకసారి చూడండి చాలు. నన్ను అడిగితే ప్రకటన పనిలో ఇంతకంటే విలువైన అరగంట లేదు.

ఇక ఊరి పేరు. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. జనం మాత్రం హనంకొండ అని, హన్మకొండ అని, హనుమకొండ అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. హనుమకొండలో ఉన్న పళ్ల డాక్టరు కోసం వరంగల్ పేరుతోనే వెతికేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ మీ కీవర్డ్స్‌లో ఉండాలి, కాజీపేటతో సహా.

దీనికి ఆనుకుని ఒక సెట్టింగు ఉంది, చాలామంది చూడరు. ప్రకటన ఎక్కడ కనపడాలో ఎంచుకునేటప్పుడు, ఆ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా అనే ఎంపిక ముందే టిక్ పెట్టి ఉంటుంది. అంటే ఎక్కడో బెంగళూరులో కూర్చుని వేయిస్తంభాల గుడి గురించి చదివేవాళ్లు కూడా మన ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్ల లెక్కలోకి రావచ్చు. క్లినిక్కుకు అది దండగ, ఊళ్లో ఉన్నవాళ్లకే అని మార్చుకోవాలి. లాడ్జీకి మాత్రం బయటి ఊరివాడే గిరాకీ. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు లాడ్జీలు, ట్యాక్సీలు నడిపేవాళ్లు ముందు వారాల నుంచే బడ్జెట్ పెంచి, జాతర అయిపోగానే తగ్గించేయాలి.

లెక్క కూడా వేసుకుందాం. రోజుకు 300 రూపాయలు అని పెట్టారు. ఏదో ఒక రోజు గూగుల్ 600 దాకా ఖర్చు చేయొచ్చు, కంగారు పడకండి. నెల మొత్తానికి రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు, అంటే 9,120 దాటదు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 10,762 రూపాయలు. జీఎస్టీ నెంబరు ఖాతాలో ఇచ్చినవాళ్లు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే ఆ పన్నును తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. క్లిక్కు 12 రూపాయలు పడిందనుకుంటే 760 క్లిక్కులు. వందమందిలో నలుగురు ఫోన్ చేస్తే 30 కాల్స్. అయిదుగురిలో ఒకరు కొంటే ఆరు అమ్మకాలు. ఒక్కో అమ్మకానికి దాదాపు 1,800 రూపాయలు ప్రకటనకే పోయింది. ఒక దరీ మీద మీకు మిగిలేది 500 అయితే ఈ పని చేయకూడదు. అదే హోటలుకో, ఫంక్షన్ హాలుకో ఒకేసారి యాభై దరీల ఆర్డరు వస్తే 1,800 పెద్ద ఖర్చు కాదు. కాబట్టి విడి సరుకుకు కాకుండా, మొత్తంగా కొనేవాళ్లు వెతికే మాటలకు ప్రకటన ఇవ్వండి. ఈ అంకెలు నేను ఊహించి పెట్టినవి. మీ అంకెలు మీ ఖాతాలో ఉంటాయి. కాకపోతే ఫోన్లు, ఆర్డర్లు నమోదయ్యేలా కన్వర్షన్ ట్రాకింగ్ పెట్టుకోవాలి. అది లేకుండా ప్రకటన నడపొద్దని గట్టిగా చెప్తాను.

వేలంలో ఎక్కువ రేటు పాడినవాడే గెలుస్తాడన్న భయం పెట్టుకోవద్దు. ప్రకటన వెతికినదానికి ఎంత సరిపోతుంది, నొక్కాక తెరుచుకునే పేజీ ఎట్లా ఉంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. దరీ కోసం వచ్చినవాడికి మీ సొసైటీ చరిత్ర, నాయకుల ఫొటోలు మొదట చూపిస్తే వెనక్కి పోతాడు. సైజులు, ధర, నూలా ఊలా, ఎన్ని రోజుల్లో పంపుతారు, ఫోన్ నెంబరు. ఇవి ముందుండాలి. ఫోన్ లేపే మనిషి లేని వేళల్లో ప్రకటన ఆపేయండి, దానికి యాడ్ షెడ్యూల్ ఉంది.

ఇంకో మాట, కొంచెం కటువుగానే చెప్తాను. నెలకింత ఇస్తే గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అని వచ్చేవాళ్లను నమ్మకండి. అట్లా గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ప్రకటన ఇచ్చినందుకు కింద వచ్చే మామూలు ఫలితాల్లో మన స్థానం పెరగదు కూడా. ఎవరితో పని చేయించుకున్నా ఖాతా మీ ఈమెయిల్ మీదే ఉండాలి, వాళ్లకు అనుమతి మాత్రమే ఇవ్వాలి. లేదంటే వాళ్లు మానేసిన రోజున ఇన్నాళ్ల లెక్క కూడా వాళ్లతోనే పోతుంది.

ఒక్క రూపాయి పెట్టకముందే చేయాల్సింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్‌లో మీ దుకాణం వివరాలు చూపే పేజీ. అది ఉచితం. మ్యాప్‌లో గుర్తు మీ షట్టరు ముందే పడిందా, వెనక గల్లీలో పడిందా చూడండి. తెరిచే వేళలు, పండుగ సెలవులు సరిచేయండి. పైసలిచ్చి రివ్యూలు రాయించొద్దు, అది నిబంధనలకు విరుద్ధం. వచ్చిన గిరాకీని మర్యాదగా అడిగితే రాస్తారు.

నా వైపు నుంచి ఇంతే. ప్రకటనలు నడుస్తున్నవాళ్లలో ఎవరైనా ఒప్పుకుంటే మీ ఖాతాను ఈ తెర మీద తెరుద్దాం. సెర్చ్ టర్మ్స్ రిపోర్టులో గత 30 రోజులు పెట్టి, ఖర్చు ఎక్కువైన వరుస నుంచి మొదలుపెట్టి, పనికిరాని మాటలను అందరం కలిసి ఇప్పుడే ఏరేద్దాం.